మారనిది ఏది? మార్చదగినది ఏది?

శ్రీశైల క్షేత్రంలో ఏటా చైత్ర పౌర్ణమి తరువాత వచ్చే మంగళవారం, శుక్రవారాలలో ఏది ముందు వస్తే ఆ రోజున భ్రమరాంబాదేవికి కుంభోత్సవం జరుగుతుంది. ఆనాడు అమ్మవారికి గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, నిమ్మకాయలు రాశులుగా సమర్పిస్తారు. వండిన అన్నాన్ని కుంభంగా పోస్తారు. స్త్రీవేషం ధరించిన పురుషుడు కుంభహారతి ఇస్తాడు. దీనికి సాత్త్వికబలి అని పేరు. ఒకప్పుడు ఈ గుమ్మడికాయల స్థానంలో మూగజీవాలు ఉండేవి. 1950 నాటి చట్టం జంతుబలిని నిషేధించింది. నేడు ఉత్సవం దగ్గర పడగానే క్షేత్ర పరిధిలో కోడిని సైతం కోయకుండా అధికారులు కాపలా ఉంటారు.

ఇంకా వెనక్కి వెళితే ఆలయ ప్రాంగణంలోనే వీరశిరోమండపం మనకు ఎదురవుతుంది. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు అనవేమారెడ్డి నిర్మింపజేసినది అది. శివావేశంతో వీరభక్తులు తమ అంగాలనూ, చివరకు శిరస్సులనూ ఖండించి స్వామికి అర్పించిన చోటు అదేనని శాసనం చెబుతున్నది. నరశిరస్సు, జంతుశిరస్సు, గుమ్మడికాయ అనే వరుసలో ఒకదాని వెంట మరొకటి వచ్చాయని చరిత్రకారులు అంగీకరించకపోవచ్చు. అవి వేర్వేరు సంప్రదాయాలకు చెందిన సంగతులు. కాని నేడు మల్లన్న సన్నిధికి వచ్చే భక్తుడు ఆ రెండూ లేనందువల్ల తన దైవానికి లోటు జరిగిందని అనుకోవడం లేదు. నెత్తుటి బొట్టు లేకపోయినా భ్రమరాంబ భ్రమరాంబగానే ఉంది.

అదే క్షేత్రంలో మరొక ఆచారాన్ని గమనించండి. కులభేదం లేకుండా ఎవరైనా గర్భాలయంలోకి వెళ్లి, మల్లికార్జున లింగాన్ని స్వహస్తాలతో తాకి, శిరస్సు ఆనించి మొక్కవచ్చు. జనసమ్మర్దం అధికంగా ఉన్న రోజుల్లో దేవస్థానం ఈ స్పర్శదర్శనాన్ని నిలిపివేస్తుంది, వేళలు మారుస్తుంది, సంప్రదాయ వస్త్రాలు ధరించాలని నియమం పెడుతుంది. భక్తులు కొంత విసుక్కున్నా సర్దుకుపోతారు. అయితే రేపు ఎవరైనా వచ్చి, ఫలానా కులంవారే స్వామిని తాకాలి అని శాసించారనుకోండి. అప్పుడు కొండ మిగులుతుంది, గోపురాలు మిగులుతాయి, శ్రీశైలం మాత్రం మిగలదు. వేళలు మార్చదగినవి. తాకే అధికారం మార్చరానిది. ఈ తేడాను ఏ గ్రంథమూ చదవని పల్లెటూరి భక్తుడు కూడా గ్రహిస్తాడు.

మన ధర్మశాస్త్రకారులు ఈ తేడాకు పేర్లు కూడా పెట్టారు. శ్రుతికీ స్మృతికీ విరోధం వస్తే శ్రుతిదే పైచేయి అన్నారు. పూర్వయుగాలలో చెల్లిన కొన్ని కర్మలను కలియుగంలో విడిచిపెట్టవలసినవిగా, అంటే కలివర్జ్యాలుగా, జాబితా కట్టారు. కాని ఇవి మార్చదగినవి, ఇవి మార్చరానివి అని అందరినీ బంధించేలా తీర్పు చెప్పే ఒకే పీఠం మనకు లేదు. అటువంటి పీఠం కలిగి, మహాసభలు కూర్చుని, ఆ తీర్పులను శతాబ్దాల తరబడి అక్షరబద్ధం చేసుకుంటూ వచ్చిన సమాజం కథోలిక శ్రీసభ. శ్రీశైలం కొండ దిగితే వచ్చే నంద్యాల, కర్నూలు, కడప ప్రాంతాల పల్లెల్లో ఆ విశ్వాసులు తరతరాలుగా మన ఇరుగుపొరుగువారే. కర్నూలు మేత్రాసనం 1967లోను, కడప మేత్రాసనం 1976లోను ఏర్పడ్డాయి. మీరు ఆ విశ్వాసానికి చెందినవారు కావచ్చు, కాకపోవచ్చు. మార్చరానిదానినీ మార్చదగినదానినీ ఒకదానికొకటిగా పొరబడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మాత్రం ఆ చరిత్ర అందరికీ పనికివస్తుంది.

కథోలికుల పరిభాషలో డాగ్మా అంటే విశ్వాససత్యం. దేవుడే బయలుపరచినదిగా శ్రీసభ గుర్తించి, ఇది నమ్మి తీరవలసినది అని ప్రకటించిన సత్యం అది. సర్వేశ్వరుడు ఒక్కడే, ఆయనలో పిత, పుత్ర, పవిత్రాత్మ అనే ముగ్గురు వ్యక్తులు ఉన్నారన్నది అటువంటిది. క్రీస్తు నిజముగా దేవుడు, నిజముగా మానవుడు అన్నది అటువంటిది. వీటిని 325లో నైసియా మహాసభ, 381లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ, 451లో కాల్సెడోను మహాసభ తీవ్రమైన వాదోపవాదాల నడుమ నిర్ణయించాయి. తరువాతి కాలంలో మరియమాత నిష్కళంకోద్భవాన్ని 1854లో, ఆమె మోక్షారోపణాన్ని 1950లో పోపులు విశ్వాససత్యాలుగా ప్రకటించారు.

పోపుగారు పలికిన ప్రతి మాటా డాగ్మా అని చాలామంది అనుకుంటారు. కథోలికులలో కూడా ఈ అపోహ ఉంది. విశ్వాస, నైతిక విషయాలలో అత్యున్నత పీఠం నుంచి పోపు చేసే అంతిమ నిర్ణయానికి పొరపాటు ఉండదని మొదటి వాటికన్ మహాసభ 1870లో ప్రకటించింది. ఆనాటి నుంచి నేటి వరకు ఆ అధికారంతో ఒక విశ్వాససత్యాన్ని నిర్వచించింది ఒకే ఒక్కసారి, అదీ 1950లో. పోపుల లేఖలు, ప్రసంగాలు, వేదసత్యబోధ గ్రంథంలోని అనేక వివరణలు విధేయతతో స్వీకరించవలసినవే. అయితే అవన్నీ ఒకే మెట్టు మీద లేవు. మరణశిక్షపై వేదసత్యబోధ గ్రంథంలోని పాఠాన్ని పోపు ఫ్రాన్సిస్ 2018లో సవరించి, అది ఇక ఏ పరిస్థితిలోనూ ఆమోదయోగ్యం కాదని చేర్చారు. పై మెట్టు నుంచి దిగుతూ వస్తే చివరిది క్రమశిక్షణ. ఉపవాస నియమాలు, గురువుల వస్త్రాలు, పూజాభాష, గురువుల బ్రహ్మచర్యం ఆ మెట్టుకు చెందుతాయి.

గురువుల బ్రహ్మచర్యం అనగానే మీరు ఆశ్చర్యపడవచ్చు. అది లత్తీను సభ పాటించే నియమం, విశ్వాససత్యం కాదు. ఉక్రెయిన్ వంటి దేశాలలోని తూర్పు కథోలిక సభల్లో వివాహితులు గురుపట్టం పొందుతారు, వారూ అదే పోపుకు విధేయులు. ఇందులో సామాన్యునికి ఒక సులువైన ఆనవాలు ఉంది. ఒకే శ్రీసభలో ఒకచోట ఉండి మరొకచోట లేని ఆచారమేదైనా డాగ్మా అయ్యే వీలు లేదు. ఇక స్త్రీలకు గురుపట్టం ఇచ్చే అధికారం శ్రీసభకు లేదని 1994లో రెండవ జాన్ పాల్ పోపు చెప్పిన మాట వంటివి నడిమెట్టు మీద ఉంటాయి. డాగ్మాగా ప్రకటించలేదు, క్రమశిక్షణ అనడానికీ వీలులేదు, స్థిరంగా పాటించి తీరవలసిన బోధ అన్నారు. వేదాంతుల వాదాలన్నీ ఈ నడిమెట్టు దగ్గరే. వాటిని వారికి విడిచిపెడదాం.

ఈ తారతమ్యం పండితులకు మాత్రమే అవసరమని అనుకోకండి. ఒక తల్లి పురిటి బిడ్డను పోగొట్టుకుంటుంది. బిడ్డకు జ్ఞానస్నానం ఇంకా కాలేదు. ఆ బిడ్డ ఆత్మ ఎక్కడికి వెళుతుంది? బాధ లేకపోయినా దైవదర్శనం కూడా లేని లింబో అనే స్థితిలో ఉంటుందని మధ్యయుగ వేదాంతులు ఊహించారు. శతాబ్దాలుగా బోధకులు అదే చెప్పారు. ఎందరో తల్లులు ఆ మాటను గుండెల మీద బండగా మోశారు. 1917 నాటి శ్రీసభ చట్టం జ్ఞానస్నానం పొందనివారికి శ్రీసభ అంత్యక్రియలను సాధారణంగా నిరాకరించింది. నిజానికి లింబో ఏనాడూ విశ్వాససత్యం కాదు, ఏ మహాసభా దానిని డాగ్మాగా నిర్వచించలేదు. 1983 నాటి కొత్త చట్టం, తల్లిదండ్రులు జ్ఞానస్నానం ఇప్పించాలని సంకల్పించి ఉంటే పీఠాధిపతి అనుమతితో ఆ శిశువుకు అంత్యక్రియలు జరపవచ్చునని చెప్పింది. 2007లో అంతర్జాతీయ వేదాంత సంఘం, పదహారవ బెనెడిక్ట్ పోపు అనుమతితో, అటువంటి శిశువులు రక్షణ పొందుతారని ఆశించడానికి బలమైన కారణాలు ఉన్నాయని వివరించింది. జ్ఞానస్నానం అవసరమన్న బోధ చెక్కుచెదరలేదు. దేవుని కరుణకు మనుషులు గీసిన హద్దు చెరిగింది. ఆ హద్దు ఒక అభిప్రాయం మాత్రమేనని ఎవరైనా ముందే స్పష్టంగా చెప్పి ఉంటే ఎన్ని ఇళ్లలో కన్నీరు ఆగేదో!

దహన సంస్కారం సంగతీ ఇటువంటిదే. మృతుల పునరుత్థానం విశ్వాససత్యం. దేహాన్ని పూడ్చాలా, కాల్చాలా అన్నది క్రమశిక్షణ. 1886లో నిషేధించిన దహనాన్ని 1963లో అనుమతించారు.

ఇప్పుడు మన సీమ చరిత్రకు వద్దాం. మార్చదగినదేదో, మార్చరానిదేదో తేల్చడానికి కథోలిక శ్రీసభ పడిన గొప్ప యాతనలలో ఒకటి మన దక్షిణ దేశంలోనే జరిగింది. దానికి మలబారు ఆచారాల వివాదం అని పేరు. పేరు చూసి కేరళ కథ అనుకోకండి. ఆనాటి ఐరోపావారు తమిళదేశాన్ని కూడా మలబారు అనేవారు. వివాదం తమిళ, తెలుగు నేలలకు సంబంధించినది.

రాబర్ట్ డి నోబిలి అనే ఇటలీ దేశపు జెస్విట్ గురువు 1606లో మదురై చేరాడు. కాషాయం ధరించాడు, మాంసం విడిచాడు, సంస్కృతం, తమిళం, తెలుగు అభ్యసించాడు. ఆయన వద్ద జ్ఞానస్నానం పొందిన బ్రాహ్మణులు జంధ్యాన్ని, శిఖను, గంధాన్ని ఉంచుకోవచ్చునా? అవి అన్యదేవతారాధన చిహ్నాలని తోటి గురువులే అభ్యంతరపెట్టారు. అవి కుల, మర్యాద చిహ్నాలు మాత్రమేనని నోబిలి వాదించాడు. 1623లో పదిహేనవ గ్రెగొరీ పోపు నోబిలి పక్షాన తీర్పు చెప్పారు.

ఆ దారినే 1700 ప్రాంతంలో పుదుచ్చేరిలోని ఫ్రెంచి జెస్విట్ గురువులు తెలుగు నేల మీదికి వచ్చారు. వారి ప్రయత్నానికి కర్నాటక మిషన్ అని పేరు. పుంగనూరు మీదుగా సాగి, సీమ లోపలి కృష్ణాపురం వంటి చోట్ల వారు స్థిరపడ్డారు. కాషాయాంబరాలతో, శాకాహారంతో సన్యాసులుగా జీవించారు. తెలుగు, సంస్కృత భాషలకు నిఘంటువు కూర్చి, సంస్కృతానికీ లత్తీనుకూ గల చుట్టరికాన్ని 1767లో ఫ్రాన్సు దేశపు విద్వత్పరిషత్తుకు విన్నవించిన కూర్దో ఈ మిషన్‌కు చెందినవారే. ఆ కాలంలో విశ్వాసం స్వీకరించిన సీమ రెడ్డి కుటుంబాలు కొన్ని తరువాత గుంటూరు ప్రాంతానికి వలస వెళ్లి అక్కడి పాత కథోలిక గ్రామాలకు మూలమయ్యాయి.

1703 చివరలో పోపు ప్రతినిధిగా షార్ల్ మయ్యార్ ద తుర్నోన్ పుదుచ్చేరికి వచ్చారు. ఆయన అక్కడ అనారోగ్యంతో మంచం పట్టారు. లోపలి పల్లెలను స్వయంగా చూడలేదు. అయినా 1704 జూన్ 23న పదహారు అంశాలతో ఒక ఆజ్ఞాపత్రం వెలువరించారు. వినాయకుని రూపం ఉన్న తాళి కట్టరాదు. నూటెనిమిది పోగుల పసుపుతాడు పనికిరాదు. పెళ్లిలో కొబ్బరికాయ కొట్టి శుభాశుభాలు చూడరాదు. బాలిక రజస్వల అయినప్పుడు వేడుక జరపరాదు. బూడిద నుదుట పెట్టుకోరాదు. క్రైస్తవ వాద్యకారులు ఆలయోత్సవాల్లో వాయించరాదు. జ్ఞానస్నానంలో గురువు తన ఉమ్మి తాకించే విధిని విడిచిపెట్టరాదు.

చివరి అంశం దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఎంగిలి అంటే తెలుగువారికి ఎంతటి జుగుప్సో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ కారణం చేతనే జెస్విట్ గురువులు ఆ చిన్న విధిని విడిచిపెట్టారు. జ్ఞానస్నానానికి కావలసినది నీరు, త్రిత్వనామం. ఉమ్మి కాదు. వాదోపవాదాలు నలభై ఏళ్లు నడిచాయి. 1744లో పద్నాలుగవ బెనెడిక్ట్ పోపు కొద్దిపాటి సడలింపులతో ఆజ్ఞను ఖాయపరచి, ఈ దేశంలో సేవ చేసే గురువులందరూ దానిని పాటిస్తామని ప్రమాణం చేయాలన్నారు. ఆ ప్రమాణం 1940 వరకు కొనసాగింది. తరువాత రద్దయింది. 1969లో వెలువడిన శిశు జ్ఞానస్నాన విధిలో ఉమ్మి ఊసే లేదు.

అదే 1969 ఏప్రిల్ 25న భారతదేశంలోని దివ్యబలిపూజకు రోము పన్నెండు మార్పులను అనుమతించింది. చెప్పులు విడిచి నేల మీద కూర్చోవడం, చేతులు జోడించి నమస్కరించడం, పంచాంగ ప్రణామం, కొవ్వొత్తులకు బదులు నూనె దీపాలు, హారతి వాటిలో ఉన్నాయి. రెండవ వాటికన్ మహాసభ 1963లో ద్వారం తెరవగా లత్తీను స్థానంలో తెలుగు పలికింది. 1962లో ఆ మహాసభను ప్రారంభిస్తూ ఇరవై మూడవ జాన్ పోపు, విశ్వాసనిధి వేరు, దానిని వ్యక్తం చేసే తీరు వేరు అని విడమరచి చెప్పారు. నోబిలి మూడున్నర శతాబ్దాల క్రితం ఆచరించినది ఇంచుమించు ఆ మాటనే.

తాళి సంగతి మరీ ముచ్చటైనది. వినాయకుని తాళిని నిషేధించిన ఆ 1704 పత్రమే, దానికి బదులు సిలువ గుర్తో, క్రీస్తు, మరియమాతల ప్రతిమో ధరించవచ్చునని చెప్పింది. నేటి తెలుగు కథోలిక వివాహంలో గురువు ఆశీర్వదించగా వరుడు వధువు మెడలో కట్టేది సిలువ గుర్తున్న మంగళసూత్రాన్నే. ఇక్కడ తాళి గెలిచిందనాలో, ఆజ్ఞ గెలిచిందనాలో చెప్పడం కష్టం.

1623, 1704, 1744, 1940, 1969. అనుమతి, నిషేధం, ఖాయపరచడం, సడలింపు, మళ్లీ అనుమతి. ఇన్ని మలుపుల మధ్య ప్రతి ఆదివారం పఠించే విశ్వాససంగ్రహంలో ఒక్క అక్షరం మారలేదు. కదిలినదంతా కదలగలిగినదే.

ఈ కథను ఇంతటితో ముగిస్తే మధురంగానే ఉంటుంది, కాని అసత్యమవుతుంది. ఎందుకంటే ఆ పదహారు అంశాలలో మరొకటి ఉంది. వ్యాధిగ్రస్తులైన పరయ క్రైస్తవుల గుడిసెలకు గురువులు వెళ్లి సంస్కారాలు ఇవ్వాలన్నది ఆ అంశం. సన్యాసులుగా జీవిస్తున్న గురువులు ఆ గుడిసెలలో అడుగుపెడితే అగ్రకులాలవారు తమను దగ్గరికి రానివ్వరన్న భయంతో ఆ పని మానివేశారు. తాళి విషయంలో, ఉమ్మి విషయంలో జెస్విట్ గురువుల వాదం సబబని నేను భావిస్తాను. ఈ విషయంలో మాత్రం ద తుర్నోన్ మాటే సువార్తకు దగ్గరగా ఉంది. చివరకు 1744లో కుదిరిన రాజీ ఏమిటి? పరయల కోసం ప్రత్యేకంగా వేరే గురువులను కేటాయించడం! అగ్రకులాలకు ఒక బోధకుడు, అంటరానివారికి ఒక బోధకుడు.

ఇక్కడ తారుమారైనదేమిటో గమనించండి. విశ్వాససంగ్రహంలో ఒకే జ్ఞానస్నానం అన్న మాట ఉంది. క్రీస్తునందు యూదుడని, గ్రీకువాడని, దాసుడని, స్వతంత్రుడని భేదం లేదని పౌలు గలతీయులకు వ్రాశాడు. అంటే విశ్వాసులందరూ ఒకటే అన్నది మార్చరాని మెట్టు మీద ఉన్న మాట. కులం మనుషులు పెట్టుకున్నది. మార్చదగినది, మార్చవలసినది. కాని ఆచరణలో కులం శిలాశాసనమై నిలిచింది, ఒకే జ్ఞానస్నానం అన్న మాట వీలును బట్టి వంగింది. కొబ్బరికాయ మీద నలభై ఏళ్లు వాదించిన పెద్దలు ఈ తారుమారును ఒక చిన్న పరిపాలనా ఏర్పాటుగా సర్దివేశారు.

దీనిని సరిదిద్దడానికి పట్టిన కాలం తక్కువేమీ కాదు. 2003లో తమిళనాడు పీఠాధిపతులతో మాట్లాడుతూ రెండవ జాన్ పాల్ పోపు, క్రైస్తవుల మధ్య కులవివక్ష ఛాయ ఉన్నా అది నిజమైన ఆధ్యాత్మికతకే ముప్పు అని హెచ్చరించారు. 2016లో భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారత విధానాన్ని ప్రకటించి, శ్రీసభలోనే వివక్ష ఉన్నదని బహిరంగంగా అంగీకరించి, అది ఘోరమైన సామాజిక పాపమని చెప్పింది.

ఇప్పటి నంద్యాల జిల్లాలోని చిందుకూరులో 1961లో ఒక దళిత కుటుంబంలో పూల ఆంథోని జన్మించారు. 1992లో కడప మేత్రాసనానికి గురువయ్యారు, 2008లో కర్నూలు పీఠాధిపతి అయ్యారు, 2020లో హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా నియమితులయ్యారు. 2022 ఆగస్టు 27న పోపు ఫ్రాన్సిస్ ఆయనను కార్డినల్‌గా నియమించారు. ఆ పదవిని అందుకున్న తొలి తెలుగువాడు, తొలి దళితుడు ఆయనే. 2025 మే నెలలో పద్నాలుగవ లియో పోపును ఎన్నుకున్న కార్డినళ్లలో ఆయన ఒకరు. పరయ గుడిసెలో గురువు అడుగుపెట్టవచ్చునా అని ఒకనాడు మన దక్షిణాది నుంచి రోముకు ప్రశ్నలు వెళ్లాయి. ఆ గుడిసెల వారసుడు శ్రీశైలం కొండ నీడన ఉన్న ఒక పల్లె నుంచి రోముకు వెళ్లి, అక్కడ తన ఓటు వేసి వచ్చాడు.